పలుకు

పదకొండేళ్లు నేనొక్కదాన్నే మాట్లాడాను.
శ్రీకాకుళం, డిగ్రీ కాలేజీ, ఏడో నంబరు గది,
బి.ఎస్సీ. రెండో ఏడాది, స్టాటిస్టిక్స్.
కిటికీ అవతల నాగావళి ఇసుక మేటలు,
ఇవతల నా గొంతు.
అంచులు పసుపెక్కిన నోట్సు
ఒక్క కామా జారకుండా చెప్పి రాయించాను.
అరవై పెన్నులు ఒక్కసారే ఆగితే
అర్థమైందనుకున్నాను.

ప్రశ్నలు వెయ్యలేదని కాదు.
వేసి, సుద్దముక్క చెయ్యి మారేలోగా
జవాబు నేనే చెప్పేసేదాన్ని.
తరగతిలో మౌనమంటే భయం నాకు,
పొయ్యి మీద పాలు మరిచిపోయినట్టుండేది.

ఆగస్టులో గొంతు పోయింది.
వారం రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు.
సెలవులు అప్పటికే అయిపోయాయి.
బోర్డు మీద ఒక్క వాక్యం రాశాను:
సగటు ఒక్కటే తెలిస్తే, ఏది తెలియకుండా పోతుంది?
రాసి, కూర్చున్నాను.

ఒకటి. రెండు.
ఫ్యాను రెక్క కటకట.
నాలుగు. ఎవరో బెంచీ కింద కాలితో చెప్పు వెతుక్కున్నారు.
ఏడు. రోడ్డు మీద పాలకొండ బస్సు హారను.
తొమ్మిది. నోటిదాకా వచ్చిన జవాబుని
దగ్గుతో పాటు మింగాను.
పదకొండు.

మూడో బెంచీ, గోడవైపు, తామాడ హైమ.
ఊరు కాశీబుగ్గ. హాస్టల్లో ఉంటుంది.
ఏడాదిన్నరలో హాజరు తప్ప
మరో మాట వినిపించని పిల్ల.

"మాయమ్మ పలుకులు ఏరతాదండి. జీడిపలుకులు."

వెనక నవ్వులు. ఆగిపోయింది.
గొంతుంటే కసిరేదాన్ని వాళ్లని,
ఆ కసురుకి ఈ పిల్లే ముందు కూర్చుండిపోయేది.
లేదు గనక తలూపాను.

"కేజీకి ఇన్నని లెక్క సరిపోతాదండి.
కానీ ఒకటి ఇంత లావు, ఒకటి ముక్కుపుడకంత.
సేటు డబ్బా ఎనక్కి తోసేత్తాడు.
లెక్క సరిపోయినా సరుకు సరిపోదండి."

విచలనం గురించి నా నోట్సులో
రెండు పేజీలున్నాయి.
ఈ మాట లేదు.

నవ్విన బెంచీలోంచే ఒకడు లేచాడు:
"ఎంత తేడా అయితే తోసేత్తాడు?"
"కొలవరు. సేతికి తెలిసిపోతాది."
చేతికి తెలిసిందాన్ని కాగితానికెలా చెప్పాలి?
ఆ గంటంతా దాని మీదే పేచీ.
సగటు నుంచి తేడాలన్నీ తీసి కూడారు.
"సున్నా వత్తాందేటి మేడమ్!
సున్నా వత్తే తేడా లేనట్టా?"
నేను సుద్దముక్క వాళ్ల చేతికిచ్చాను.
వర్గం చెయ్యాలన్న ఊహ
గంట కొట్టేసరికి వాళ్లకే తట్టింది,
సగం తప్పుగా, బోర్డంతా కొట్టివేతలతో.

గురువారం మళ్లీ అలాగే కూర్చున్నాను.
ఇరవై లెక్కపెట్టాను. ముప్పై.
చివరికొకడు చెయ్యెత్తాడు:
"ఇది పరీచ్చలో వత్తాదా మేడమ్?"
వస్తుందని రాశాను.
అందరూ రాసుకున్నారు.

వరండాలో హైమ చెప్పింది,
జీడిగింజని ఆవిరి పట్టగానే కొట్టకూడదట.
రాత్రంతా ఆరనివ్వాలట.
తొందరపడితే పలుకు బద్దలైపోతుంది,
బద్దకి సగం ధర కూడా రాదు.
వాళ్లమ్మ వేళ్లకి జీడి పొక్కులట.
వినడానికి తేలిగ్గా ఉందిగానీ
ఆ మాట దగ్గర తన వేళ్లు దాచుకుంది.

పదకొండేళ్లలో ఎన్ని పలుకులు
బద్దలు చేసి పంపానో
ఏ రిజిస్టరులోనూ లేదు.

గొంతు తిరిగొచ్చింది.
నోట్సు బీరువాలోనే ఉంది, పారెయ్యలేదు.
సిలబస్ వెనకబడ్డ రోజు దాన్నే తీస్తాను,
అందులో నాకు సిగ్గు లేదు.
తనిఖీవాళ్లు పంపిన ఫారంలో
బోధనా పద్ధతి అన్న గడి ముందు
చాలాసేపు పెన్ను పట్టుకుని,
ఉపన్యాసం అని రాసేశాను.
కొంగు చాటున వేళ్లు మడుస్తూ
అంకెలు లెక్కపెట్టుకుంటానని
ఆ గడిలో ఎలా పడుతుంది?

ఇవాళ ఎనిమిది దగ్గర
కిటికీ పక్క బెంచీ
కిర్రుమంది.